గోళీ పతనాన్ని వీడియోతో కొలవాలా, శబ్దంతోనా?

నేను తొమ్మిదో తరగతికి భౌతికశాస్త్రం బోధిస్తున్నాను. స్వేచ్ఛాపతనం పాఠం కోసం మీటరు ఎత్తు నుంచి గోళీని వదిలి, సెకనుకు 30 ఫ్రేములు తీసే ఫోనుతో చిత్రీకరించగా, దాదాపు 0.45 సెకన్లలో ముగిసిపోయే ఆ పతనం పదమూడు, పద్నాలుగు ఫ్రేములకే పరిమితమై, చివరి ఫ్రేముల్లో గోళీకి బదులు సాగిన గీత మాత్రమే కనిపించింది. 240 ఫ్రేములు తీసే ఫోను నా దగ్గర లేదు. అందువల్ల వదిలినప్పటి చప్పుడును, నేలను తాకిన చప్పుడును రికార్డు చేసి, తరంగరూపంలో (శబ్దం హెచ్చుతగ్గులను కాలక్రమంలో చూపే గీతలో) వాటి మధ్య వ్యవధిని కొలవడమే మేలనిపిస్తోంది. అయితే గోళీ చేతి నుంచి నిశ్శబ్దంగా జారుతుంది కదా, మొదటి చప్పుడును సరిగ్గా ఆ క్షణానే పుట్టించడం ఎలా? మరో సందేహం: వీడియో పెట్టగానే పిల్లలు సినిమా చూసినట్టు చూస్తూ కూర్చుంటున్నారు. దానిని ఎక్కడ ఆపి ప్రశ్నిస్తే తర్వాత జరిగేది ఊహించి చెబుతారో, అనుభవజ్ఞులు దయచేసి తెలియజేయగలరు.