‘డాక్టర్ హూ’ మీద ఇంత అభిమానం ఎందుకు?

ప్రశ్న

సైన్స్ ఫిక్షన్ కథలు, నవలలు చాలాకాలంగా చదువుతున్నాను గాని టీవీ ధారావాహికల జోలికి పెద్దగా పోలేదు. కాలంలో ప్రయాణించే ‘డాక్టరు’ అనే గ్రహాంతరవాసి కథగా బీబీసీ వారు తీసిన ‘డాక్టర్ హూ’ పేరు ఇక్కడి చర్చల్లో తరచు వినిపిస్తుండడంతో 2005 తర్వాతి ఎపిసోడ్లు కొన్ని, 1970ల నాటి పాత కథలు కొన్ని చూశాను. పాత కథల్లో తలుపు గట్టిగా వేస్తే గోడ కదులుతుంది, రాక్షసులు రబ్బరు తొడుగులని తెలిసిపోతూనే ఉంటుంది. ఒక కథలో పెట్టిన నియమం ఇంకో కథలో నిలవదు. వీటన్నిటికీ మించి, కథానాయకుడి ముఖమే కొన్నేళ్లకొకసారి మారిపోతుంది. ఇన్ని లోపాలను క్షమించి మీరు దీన్ని అభిమానిస్తున్నారా, లేక నేను లోపాలనుకుంటున్న వాటిలోనే మీకు వేరే ఏదైనా కనిపిస్తోందా? చిన్ననాటి జ్ఞాపకం కాబట్టి ఇష్టం అనే సమాధానం బ్రిటన్‌లో పుట్టి పెరిగినవారికి సరిపోతుందేమో గాని, పెద్దయ్యాక చూడటం మొదలుపెట్టిన మనవాళ్లకు వర్తించదు కదా.

మొదటి జవాబు

మీ రెండో ఊహే సరైనది. ముఖం మారడం గురించే ముందు చెబుతాను, ఎందుకంటే ఈ ధారావాహిక ఇంతకాలం బతకడానికి అదే మూలకారణం. 1963 నవంబరు 23న ప్రసారం మొదలైనప్పుడు డాక్టరు పాత్రను విలియం హార్ట్‌నెల్ పోషించారు. మూడేళ్లు గడిచేసరికి ఆయన ఆరోగ్యం క్షీణించింది. ఇంకెవరైనా అయితే అక్కడితో కథ ముగించేవారు, లేదా దగ్గరి పోలికలున్న నటుణ్ణి తెచ్చి, ప్రేక్షకులు చూసీ చూడనట్లు ఊరుకుంటారని ఆశపడేవారు. ఇక్కడ అలా జరగలేదు. 1966లో ‘ది టెన్త్ ప్లానెట్’ అనే కథ చివర ఆ వృద్ధుడు నేలకూలి, వెలుగులో కరిగి, వేరే మనిషిగా మారాడు. కొత్తగా వచ్చిన పాట్రిక్ ట్రాటన్ కూడా హార్ట్‌నెల్‌ను అనుకరించడానికి ప్రయత్నించలేదు. చిరాకుపడే తాతగారి స్థానంలో, నలిగిన కోటు తొడుక్కుని, వేణువు ఊదుకుంటూ, ఎదుటివాడు తనను తక్కువ అంచనా వేసేలా ప్రవర్తించే అల్లరి మనిషి వచ్చాడు.

నటుడి అనారోగ్యం వల్ల తట్టిన ఈ ఉపాయం కథకే ప్రాణమైంది. కొత్త డాక్టరు వచ్చిన ప్రతిసారీ ముఖం, మాట, అభిరుచి, కోపం అన్నీ మారాక ఆ మనిషిలో మిగిలేదేమిటన్న ప్రశ్న మళ్లీ మొదలవుతుంది. టామ్ బేకర్ 1974 నుంచి ఏడేళ్లపాటు ఆ పాత్రలో ఉన్నారు. అంతకాలం ఒక ముఖానికి అలవాటుపడిన ప్రేక్షకులు దాన్ని వదులుకుని, కొత్త ముఖంలో పాత స్నేహితుణ్ణి వెతుక్కోవలసి వచ్చింది. 2018లో జోడీ విట్టకర్ తొలి మహిళా డాక్టరుగా పూర్తిస్థాయిలో కనిపించినప్పుడు కొందరు అలిగారు గాని, ఆ మార్పుకు తలుపు 1966లోనే తెరుచుకుంది.

నియమాలు నిలవవన్న మాట కొంతవరకు నిజమే. అయితే పాత నియమాలు పీటముడులై కొత్త రచయితల మెడకు చుట్టుకున్న సందర్భాలూ ఉన్నాయి. డాక్టరు జాతివారు పన్నెండుసార్లు మాత్రమే రూపం మార్చుకోగలరని 1976లో ‘ది డెడ్లీ అసాసిన్’ కథలో చెప్పారు. అప్పటికి ఉన్నది నాలుగో డాక్టరే కనుక అది ఎవరికీ పెద్ద చిక్కుగా తోచి ఉండదు. ముప్పై ఏడేళ్ల తర్వాత, 2013 క్రిస్మస్ ప్రత్యేక ఎపిసోడులో, ఆ లెక్క నిజంగానే చివరికి వచ్చింది. దానికి పరిష్కారం చూపే బాధ్యత అప్పటి రచయిత స్టీవెన్ మొఫాట్ మీద పడింది. ఆయన చూపిన పరిష్కారం నాకు పూర్తిగా నచ్చలేదు గాని, ఇలాంటి చిక్కు రావాలంటేనే ఒక కథకు ఇంత ఆయుష్షు ఉండాలి.

రెండో జవాబు

పై మిత్రులు రూపం మారడానికి ఇచ్చిన ప్రాధాన్యాన్ని నేను ఇవ్వలేను. నన్ను కట్టిపడేసింది డాక్టరు కాదు, ఆయన వెంట వెళ్లే మామూలు మనుషులు. మొట్టమొదటి సహచరుల్లో ఇద్దరు లండన్ బడిపంతుళ్లు. ఇయాన్ సైన్సు చెబుతాడు, బార్బరా చరిత్ర చెబుతుంది. పిల్లలకు సైన్సు, చరిత్ర రెండూ కథల ద్వారా అందించాలన్న తొలి ఉద్దేశానికి తగినట్లే ఆ పాత్రలను రూపొందించారు. (ఆ మొదటి కథకు దర్శకత్వం వహించిన వారిస్ హుస్సేన్ మన లక్నోలో పుట్టినవారని చాలామందికి తెలియదు.)

1964లో వచ్చిన ‘ది అజ్టెక్స్’ కథలో బార్బరాను అక్కడి ప్రజలు దేవతగా పొరబడతారు. ఆ అధికారంతో నరబలిని ఆపాలని ఆమె పంతం పడుతుంది. చరిత్రను మార్చడం సాధ్యం కాదని డాక్టరు మందలిస్తాడు. ఆమె ఓడిపోతుంది, అయితే ఒక మనిషి ఆలోచన మాత్రం మారుతుంది. 1975లో ‘జెనెసిస్ ఆఫ్ ది డాలెక్స్’ వచ్చేసరికి ఆ సందిగ్ధం డాక్టరుదే అయింది. తర్వాత కోట్లమందిని చంపబోయే డాలెక్ జాతిని పుట్టుకలోనే తుడిచిపెట్టే అవకాశం దొరికి కూడా, ఆ హక్కు తనకుందా అని అడుగుతూ, చేతిలోని రెండు తీగలను కలపలేక ఆగిపోతాడు. 2018లో వినయ్ పటేల్ రాసిన ‘డీమన్స్ ఆఫ్ ది పంజాబ్’లో అదే ప్రశ్న 1947 ఆగస్టుకు వచ్చింది. సహచరురాలు యాస్మిన్ తన అమ్మమ్మ యవ్వనంలోకి వెళ్లి, ఒక ముస్లిం అమ్మాయికీ హిందూ అబ్బాయికీ దేశ విభజన గీత మీదనే జరిగే పెళ్లిని చూస్తుంది. హంతకులనుకున్న గ్రహాంతరవాసులు నిజానికి ఎవరూ లేకుండా చనిపోయేవారి పక్కన సాక్షులుగా నిలబడడానికి వచ్చారు. చంపేది మనుషులే, అందులోనూ సొంత ఇంటివాడి చేయి ఉంది. అక్కడ డాక్టరు చేయగలిగింది ఏమీ లేదు.

వేర్వేరు తరాల రచయితలు ఒకే ప్రశ్నను ఎత్తుకుని వేర్వేరు సమాధానాలు చెప్పిన ఈ తీరు కొద్ది సీజన్లలో ముగిసే ధారావాహికలో కుదిరేది కాదు. ఇక మీరు చూసిన గోడలు నిజంగానే కదులుతాయి, దాన్ని సమర్థించే పని నేను పెట్టుకోను.

మూడో జవాబు

గోడల తరఫున నేను మాట్లాడతాను. డాక్టరు నౌక టార్డిస్ వెళ్లిన చోటికి తగ్గ రూపం ధరించాలి. ప్రతి కథకూ కొత్త రూపం కట్టించే స్తోమత లేక, ఆ యంత్రాంగం పాడైపోయిందని చెప్పి, పోలీసులకు ఫోను చేయడానికి అప్పట్లో లండన్ వీధుల్లో ఉండే నీలిరంగు పోలీసు పెట్టెగానే దాన్ని ఉంచేశారు. లోపల మాత్రం బయటికంటే ఎన్నో రెట్లు పెద్దది. డబ్బు కొరతతో పుట్టిన ఆ పెట్టే ఇప్పుడు ఈ ధారావాహికకు గుర్తు. రాన్ గ్రెయినర్ స్వరపరచిన శీర్షిక సంగీతాన్ని డెలియా డెర్బీషైర్ టేపు ముక్కలను కోసి అతికించి తయారుచేశారు. 2007 నాటి ‘బ్లింక్’లో భయపెట్టేవి రాతి విగ్రహాలు. మనం రెప్ప వేసినప్పుడు మాత్రమే అవి కదులుతాయి కాబట్టి, వాటి కదలికను తెర మీద చూపవలసిన పనే లేదు.

అభిమానుల సంగతి కూడా చెప్పాలి. పాత టేపులను బీబీసీ చెరిపేయడం వల్ల 1960ల నాటి ఎపిసోడ్లు అనేకం పోయాయి. అయినా పోయినవాటన్నిటి శబ్దం మనకు దక్కింది, ఎందుకంటే ప్రసార సమయంలో ఇళ్లలో కూర్చుని కొందరు రికార్డు చేసుకున్నారు. నైజీరియాలోని జోస్ నగరంలో తొమ్మిది ఎపిసోడ్లు దొరికాయని 2013లో ప్రకటించినప్పుడు అభిమానులు పండగ చేసుకున్నారు. 1989లో ధారావాహిక ఆగిపోయాక, మధ్యలో వచ్చిన ఒక్క టీవీ చిత్రం మినహా, 2005 దాకా తెర మీద కొత్త కథలు లేవు. దాన్ని తిరిగి నిలబెట్టిన రసెల్ టి. డేవిస్ చిన్నప్పటి నుంచి దానికి అభిమాని. పన్నెండో డాక్టరు పీటర్ కపాల్డి కుర్రవాడిగా ఉన్నప్పుడు దీని గురించి రాసిన ఉత్తరం 1974లో ‘రేడియో టైమ్స్’ పత్రికలో అచ్చయింది. చూసినవాళ్లే పెరిగి దాన్ని నడిపించారు.

ప్రశ్న వేసినవారు

ముగ్గురికీ ధన్యవాదాలు. అజ్టెక్కుల కథ గురించి చదివాక ఆసక్తి కలిగింది. 1963 నుంచి వరుసగా చూడటం మంచిదేనా?

రెండో జవాబు రాసినవారు

వద్దు, ఆ పని చేసినవాళ్లు చాలామంది మధ్యలోనే ఆగిపోయారు. ముందు ‘బ్లింక్’ చూడండి. అందులో డాక్టరు కనిపించేది కొద్దిసేపే గనుక ముందు కథలేవీ తెలియనక్కర లేదు. తర్వాత 1979 నాటి ‘సిటీ ఆఫ్ డెత్’ చూడండి, అది పారిస్ వీధుల్లో తీసిన సరదా కథ. పాత కథలను రోజుకొక భాగం చొప్పున చూడండి. వారానికొకటి చూడటానికి తీసినవాటిని ఒకే రాత్రి చూస్తే సాగదీసినట్లు అనిపిస్తుంది. 2015 నాటి ‘హెవెన్ సెంట్’ గొప్పదని అందరూ చెబుతారు, నిజంగానే గొప్పది. కాని దాన్ని ఆఖరుకు ఉంచుకోండి. దానికి ముందు ఎపిసోడులో సహచరురాలు క్లారాకు ఏమైందో తెలియకపోతే డాక్టరు ఒంటరిగా ఎందుకంత మొండిగా పోరాడుతున్నాడో సగమే అర్థమవుతుంది.