స్పాయిలర్‌ను తెలుగులో ఏమందాం?

అనువాదకురాలు: అందరికీ నమస్కారం. టీవీ కార్యక్రమాల అభిమానులు ఇంటర్నెట్‌లో గుంపులు కట్టి మాట్లాడుకోవడం ఎలా మొదలైంది, ఎలా పెరిగింది అనే విషయం మీద ఒక పత్రికకు వ్యాసం రాస్తున్నాను. 1980లలోని యూజ్‌నెట్ (వెబ్‌సైట్లు రాకముందు కంప్యూటర్లలో టపాలు రాసుకున్న చర్చావేదిక) బృందాలతో మొదలై మన బిగ్ బాస్ అభిమానుల దాకా వస్తుంది. ‘స్పాయిలర్’ (ఇంకా చూడనివారికి కథలోని మలుపు ముందే తెలిసిపోయేలా చేసే మాట) దగ్గర కలం ఆగిపోయింది. అలాగే ఉంచి మా అత్తగారికి చదివి వినిపిస్తే “ఏం పాడైపోయిందమ్మా?” అని అడిగారు. నాకు తోచినవి రెండే: ‘గుట్టురట్టు’, ‘రసభంగం’. రెండోదాని వైపు మొగ్గుతున్నాను. మీరేమంటారు?

మాస్టారు: రసభంగం వద్దమ్మా. మాట అందంగా ఉంది కాబట్టి వాడేద్దాం అనుకుంటే ఆనందవర్ధనుడు ఒప్పుకోడు. “అనౌచిత్యాదృతే నాన్యద్రసభంగస్య కారణమ్” అన్నాడాయన. అనౌచిత్యం తప్ప రసభంగానికి వేరే కారణం లేదని. ముందే కథ తెలియడం ఆయన లెక్కలో నేరమే కాదు. వాల్మీకి రామాయణం తెరవండి. మొదటి సర్గలోనే నారదుడు కథంతా చెప్పేస్తాడు, సీత దొరకడం, రావణుడు చావడం, పట్టాభిషేకం, అన్నీ. ఆ తర్వాత కదా కవి తీరిగ్గా కూర్చుని కావ్యం చెప్పింది! మనవాళ్లు దాన్ని ఇంకా కుదించి ‘కట్టె, కొట్టె, తెచ్చె’ అని మూడు మాటల్లో తేల్చారు. ఆ మూడు మాటలు తెలిసిన ఊళ్లోనే హరికథకు రాత్రంతా జనం కూర్చునేవారు.

సీరియల్ ప్రియుడు: మాస్టారూ, రామాయణానికి చెల్లుతుంది. హంతకుడెవరో తేలని కథకు చెల్లుతుందా? అద్దె పుస్తకాల కాలంలో డిటెక్టివ్ నవల మొదటి పేజీ మీదే హంతకుడి పేరు పెన్సిలుతో రాసిపెట్టే మహానుభావులు ఉండేవారని మా నాన్నగారు ఇప్పటికీ తిడుతుంటారు. ఆయనకు జరిగిన నష్టాన్ని ఏ అలంకార శాస్త్రం పూడుస్తుంది? నా ఓటు ‘గుట్టురట్టు’కు.

పాత వారపత్రికలు: గుట్టు అనేది దాచుకునేవారి సొత్తు. ఇంటిగుట్టు లంకకు చేటు అంటాం. అక్కడ ఇల్లుంది, దాచుకున్నవారున్నారు, బయటపెట్టినవారున్నారు. టీవీలో లక్షలమంది ముందు వచ్చేసిన కథలో గుట్టేముంది? దేశమంతా చూసిన సంగతి రహస్యం ఎలా అవుతుంది? స్పాయిలర్ అనే గొడవకు మూలం రహస్యం కాదు, కాలం. అది తెలియాలంటే ఈ బృందాలు ఎలా పుట్టాయో చూడాలి.

యూజ్‌నెట్‌లో పగటి సీరియళ్ల కోసం 1984లోనే ఒక బృందం వేరుపడింది. తర్వాత పేర్ల మార్పిడిలో అది రెక్.ఆర్ట్స్.టీవీ.సోప్స్ అయింది. నాన్సీ బేమ్ అనే పరిశోధకురాలు ఏళ్ల తరబడి దాన్ని గమనించి 2000లో పుస్తకం వేశారు. అమెరికాలో ఆ సీరియళ్లు పని రోజుల్లో మధ్యాహ్నం పూట వచ్చేవి. అప్పట్లో యూజ్‌నెట్ అందుబాటులో ఉన్నవారేమో విశ్వవిద్యాలయాల్లోనో కంపెనీల్లోనో పనిచేసేవారు, అంటే సరిగ్గా ఆ వేళకు టీవీ ముందు ఉండలేనివారు. అందుకని ఒక ఏర్పాటు చేసుకున్నారు. ఇంట్లో ఉండి చూసినవారో రికార్డు చేసుకున్నవారో ఆనాటి భాగాన్ని పూసగుచ్చినట్టు రాసి పెట్టేవారు. మధ్యమధ్యలో సొంత వెక్కిరింపులు కూడా కలిపేవారు. ఒక్కొక్కరు వారంలో ఒక్కో రోజు వంతు తీసుకునేవారు. దీన్ని వాళ్లు ‘అప్‌డేట్’ అన్నారు.

మన వారపత్రికల సీరియల్ చదివినవారికి ఇది కొత్త కాదు. కొత్త భాగం పైన చిన్న అక్షరాల్లో ‘జరిగిన కథ’ ఉండేది, అడుగున ‘సశేషం’ ఉండేది. ఆ అప్‌డేట్ మన ‘జరిగిన కథ’ చేసే పనే చేసింది. కాకపోతే పత్రిక రాస్తే అందరికీ అది జరిగిన కథే, ఎందుకంటే కిందటి వారం సంచిక అందరికీ వచ్చేసింది. అభిమానుల బృందంలో అలా కాదు. ఆఫీసులో ఉండి భాగం తప్పిపోయినవాడికి అది జరిగిన కథ. టేపులో రికార్డు చేసుకుని రాత్రికి చూద్దామనుకున్నవాడికి అదే జరగబోయే కథ. రాసినవాడు ఒకే వాక్యం రాశాడు. ఒకడు దండం పెట్టాడు, ఇంకొకడు తిట్టాడు.

కాబట్టి నా సూచన: ‘జరగబోయే కథ’.

సీరియల్ ప్రియుడు: సెబాస్! ఇప్పటికి సగం ఒప్పుకుంటున్నాను.

దూరదేశపు తెలుగువాడు: కాలం అన్నమాట బాగా పట్టారు. నేను 90లలో అమెరికాలో చదువుకుంటూ ఈ బృందాలు చూసినవాణ్ణే. అప్పుడు తెలుగుకు కూడా సాక్.కల్చర్.ఇండియన్.తెలుగు అని ఒకటి ఉండేది. తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో, ఆర్‌టీఎస్ పద్ధతిలో కొట్టుకునేవాళ్లం.

ట్విన్ పీక్స్ అనే సీరియల్ సంగతి చెప్పాలి. 1990 ఏప్రిల్‌లో అమెరికాలో ఏబీసీ ఛానల్లో మొదలైంది. లోరా పామర్ అనే అమ్మాయిని ఎవరు చంపారన్నది ప్రశ్న. యూజ్‌నెట్‌లో దానికో బృందం పుట్టింది. వీసీఆర్‌లో ఒక్కో దృశ్యాన్ని ఆపి, వెనక్కి తిప్పి, గోడ మీద పటం దగ్గర్నుంచి చేతి ఉంగరం దాకా సాక్ష్యంగా లాగేవారు. మీడియా పరిశోధకుడు హెన్రీ జెన్‌కిన్స్ దీని మీద పేరున్న వ్యాసం రాశారు. బ్రిటన్‌లో బీబీసీ2 దాన్ని అక్టోబరులో మొదలుపెట్టింది. అక్కడ ప్రేక్షకులు ఇంకా ఆ ఊరి మనుషుల పేర్లు గుర్తుపెట్టుకుంటూ ఉండగానే, నవంబరు 10న అమెరికాలో హంతకుడెవరో చూపించేశారు. ఇద్దరూ ఒకే యూజ్‌నెట్‌లో ఉన్నారు. ఇక చూసుకోండి. (హంతకుడి పేరు ఇక్కడ రాయను. ముప్పై ఏళ్లు దాటినా సరే.)

అసలు అమెరికా లోపలే తూర్పు తీరానికీ పడమటి తీరానికీ మూడు గంటల తేడా. తూర్పువాళ్లు భాగం చూసి వేడివేడిగా చర్చ మొదలుపెట్టేసరికి పడమటివాళ్లు ఇంకా ఆఫీసు నుంచి ఇంటికి చేరి ఉండరు. ఒకే గదిలో కూర్చుని చూసిన రోజుల్లో ఈ సమస్య లేదు. బృందం పెద్దదవుతున్నకొద్దీ, అందులో రకరకాల వేళలవారు చేరుతున్నకొద్దీ ఈ మాట అవసరమైంది.

మాట మాత్రం అంతకు ముందుదే. నేషనల్ లాంపూన్ అనే హాస్యపత్రిక 1971 ఏప్రిల్‌లో ‘స్పాయిలర్స్’ పేరుతో ప్రసిద్ధ సినిమాల, నవలల ముగింపులన్నీ వరసగా రాసి, మీ డబ్బూ కాలమూ ఆదా చేస్తున్నామని వేళాకోళం చేసింది. దానికి ‘హెచ్చరిక’ తోడైంది యూజ్‌నెట్‌లో. 1982 జూన్‌లో స్టార్ ట్రెక్ రెండో సినిమా వచ్చిన కొద్ది రోజులకే ఒకరు తన టపా మీద అలా రాశారు.

మాస్టారు: హెచ్చరిక రాస్తే కన్ను ఆగుతుందా? చదవకు అన్న పంక్తినే మనిషి ముందు చదువుతాడు.

దూరదేశపు తెలుగువాడు: అందుకే రెండు ఉపాయాలు పన్నారు మాస్టారూ. ఒకటి, హెచ్చరిక తర్వాత తెర నిండా ఖాళీ పంక్తులు వదలడం. కావాలని కిందికి వెళితే తప్ప కథ కనబడదు. రెండోది రాట్13. ఇంగ్లీషు అక్షరాలు 26 కదా, ప్రతి అక్షరానికీ బదులు దానికి 13 స్థానాల అవతల ఉన్న అక్షరం రాస్తారు. మళ్లీ 13 జరిపితే అసలు మాట తిరిగి వస్తుంది. ఇది రహస్య లిపి కాదు, తాళం చెవి అందరి దగ్గరా ఉంది. చదవాలని నువ్వే నిర్ణయించుకోవాలి, అంతే. మనం చిన్నప్పుడు మాట్లాడుకున్న క-భాష లాంటిదే. “కనీ కపే కరే కమి కటి” అంటే పెద్దవాళ్లకు అర్థం కాదని కాదు, అర్థం చేసుకునే ఓపిక వాళ్లకు ఉండదు.

సీరియల్ ప్రియుడు: తెలుగులో రాట్13 చేయాలంటే గుణింతాలతో చచ్చేవాళ్లం. క-భాషే నయం.

అనువాదకురాలు: చాలా ఉపయోగపడింది, అందరికీ కృతజ్ఞతలు. ‘జరగబోయే కథ’ భావం నాకు నచ్చింది, కానీ వాక్యంలో ఇమడటం లేదు. “అతను జరగబోయే కథ రాశాడు” అంటే కొత్త సీరియల్ రాస్తున్నాడనుకుంటారు. హెచ్చరికగా ‘జరగబోయే కథ ఉంది’ అన్నా, వచ్చే వారం భాగం తాలూకు ప్రకటనలా ఉంది.

మాస్టారు: నామవాచకం కోసం ఎందుకమ్మా అంత దేవులాట? ఇంగ్లీషువాడికి క్రియలో చోటు లేక నామవాచకం చేసుకున్నాడు. మనకు క్రియలోనే ఉంది. ఈ రెండు వాక్యాలు చూడు:

“వాడు నాకు సినిమా కథ చెప్పాడు.”
“వాడు నాకు సినిమా కథ చెప్పేశాడు.”

మొదటిది సమాచారం. రెండోది ఫిర్యాదు. తేడా అంతా ‘వేయు’ అనే అనుబంధ క్రియలో ఉంది. చెప్పి+వేయు, అదే చెప్పేయు. పని పూర్తయిపోయింది, వెనక్కి తీసుకోలేం, కాస్త తొందర కూడా పడ్డారు అనే మూడు ఛాయలూ అందులోనే ఉన్నాయి. తినేశాడు, అమ్మేశాడు, అనేశాడు, అన్నిట్లోనూ అదే. నారదుడి గురించి నేను పైన ‘కథంతా చెప్పేస్తాడు’ అన్నాను. దూరదేశపు అబ్బాయి ‘హంతకుడెవరో చూపించేశారు’ అన్నాడు. ఎవరూ నేర్పకుండానే ఇద్దరం వాడాం.

పాత వారపత్రికలు: మాస్టారూ, నా సూచన ఉపసంహరించుకుంటున్నాను. హెచ్చరికకు అయితే ఇలా రాయవచ్చు: “కింద కథ చెప్పేస్తున్నాను, చూడనివారు ఆగండి.” మా అమ్మకు కూడా అర్థమవుతుంది.

దూరదేశపు తెలుగువాడు: బాగుంది కానీ ఒక చిక్కు. 2000లో అమెరికాలో సీబీఎస్ ఛానల్లో సర్వైవర్ అనే పోటీ కార్యక్రమం మొదలయ్యాక ఈ మాట తలకిందులైంది. ఆ ఆట అంతా ముందే ఎక్కడో దూరాన చిత్రీకరించి, తర్వాత వారం వారం చూపిస్తారు. ఎవరు గెలిచారో అప్పటికే జరిగిపోయి ఉంటుంది. దాంతో కొన్ని బృందాలవారు ఆ ఫలితాన్ని ముందే కనిపెట్టడాన్నే ఆటగా పెట్టుకున్నారు. ఉపగ్రహ చిత్రాలు వెతకడం, పోటీదారు ఇంటికి తిరిగి వచ్చాక ఎంత చిక్కిపోయాడో గమనించడం. ఇక్కడ స్పాయిలర్ అంటే తిట్టు కాదు, బిరుదు. 2003లో ఒకాయన బ్రెజిల్‌కు విహారానికి వెళ్లి అక్కడ విన్నానంటూ అమెజాన్ సర్వైవర్ ఫలితాలు తెచ్చి పెట్టాడు. కొందరు సంతోషించారు. మిగతావారికి కోపం వచ్చింది, అందరం కలిసి విప్పవలసిన ముడిని ఒక్కడే విప్పేశాడని.

సీరియల్ ప్రియుడు: చూశారా, ‘విప్పేశాడు’! మళ్లీ అదే ‘వేయు’.

బిగ్ బాస్‌లో జరిగేదీ ఇంతే. 2017 నుంచి చూస్తున్నాను. వారాంతపు భాగాలు ముందే తీస్తారు కాబట్టి ఆదివారం రాత్రి ఎవరు బయటికి వస్తారో శనివారానికే అభిమానుల పేజీల్లో తిరుగుతుంది. దీనికి మనవాళ్లు ఎవరినీ అడగకుండా పెట్టుకున్న పేరు ‘లీకు’. లోపలివారెవరో బయటికి వదిలారని అర్థం. ఇక్కడ మాత్రం నా ‘గుట్టురట్టు’ సరిపోతుంది, ఒప్పుకోవాలి మీరు. అన్నట్టు ఆ అభిమానులు తమను బృందం అనుకోరు. 2018లో కౌశల్ ఆడినప్పటి నుంచి ‘ఆర్మీ’. చర్చ కోసం కాదు, ఓట్ల కోసం చేరతారు. వ్యాసంలో ఈ తేడా చెప్పకపోతే యూజ్‌నెట్ మేధావుల కొనసాగింపే మనవాళ్లు అనుకుంటారు పాఠకులు.

పాత వారపత్రికలు: ఒప్పుకున్నాం. ఎవరూ చూడకముందే లోపలి నుంచి వస్తే లీకు. కొందరు చూశాక, చూడనివారి ముందు నోరు జారితే చెప్పేయడం. ఇంగ్లీషు ఈ రెంటినీ చాలాసార్లు ఒకే మాట కిందికి తోసేస్తోంది. మనం కలపనక్కరలేదు.

అనువాదకురాలు: అయితే ఇలా రాస్తాను, తప్పులుంటే దిద్దండి.

“1984లో పగటి సీరియళ్ల బృందంలో చూసినవారు చూడనివారికి ఆనాటి కథ రాసి పెట్టేవారు. కొందరికి అది ఉపకారం. తర్వాత చూద్దామనుకున్నవారికి మాత్రం కథ ముందే చెప్పేసినట్టు. ఆ గొడవలోంచే టపా పైన హెచ్చరిక రాసే అలవాటు వచ్చింది.”

సర్వైవర్ పేరాలో మాత్రం ‘స్పాయిలర్’ అనే మాట అలాగే ఉంచి, ‘ఫలితాన్ని ముందే పసిగట్టేవారు’ అని పక్కన వివరిస్తాను.

దూరదేశపు తెలుగువాడు: రెండు సవరణలు. మొదటి వాక్యంలో ‘1984లో’ కాదు, ‘1984లో మొదలైన’ అనండి, ఆ అప్‌డేట్ల వాడుక ఏళ్లతరబడి సాగింది. చివరి వాక్యం తీసేయండి. హెచ్చరిక 1982లో సినిమా చర్చలోనే ఉందని పైన చెప్పాను కదా, సీరియళ్ల గొడవలోంచి పుట్టలేదు. ‘ఆ గొడవ వల్ల హెచ్చరిక ఇంకా అవసరమైంది’ అంటే చాలు.

మాస్టారు: ‘పసిగట్టేవారు’ బాగుందమ్మా, ఉంచు. ‘చెప్పేసినట్టు’ దగ్గర వాక్యం కుంటుతోంది. ‘చెప్పేసినట్టయ్యేది’ అను.