అమెరికా అంతర్యుద్ధం అసలు దేనికోసం? బానిసత్వమా, రాష్ట్రాల హక్కులా?

డాలస్‌తెలుగు:
మొన్న ఆఫీసులో లంచ్ దగ్గర ఒకాయన, అంతర్యుద్ధం బానిసత్వం కోసం జరగలేదు, పన్నుల కోసం, రాష్ట్రాల హక్కుల కోసం జరిగింది అని గట్టిగా వాదించాడు. మనవాళ్ళు కూడా ఇద్దరు తలూపారు. నాకైతే నమ్మబుద్ధి కాలేదు. చరిత్ర చదివినవాళ్ళు ఎవరైనా చెప్పండి.

ఓరుగల్లుబిడ్డ:
ఆయన చెప్పిందాంట్లో తప్పేముంది? దక్షిణాది పత్తి పండించి ఇంగ్లండుకు అమ్ముకునేది, ఫ్యాక్టరీ సరుకు బయట నుంచి కొనుక్కునేది. ఉత్తరాది ఫ్యాక్టరీల కోసం దిగుమతి సుంకం పెంచితే ఆ బరువు దక్షిణాది మీదే పడేది. 1832లోనే సౌత్ కరొలినా ఈ సుంకాలు మా రాష్ట్రంలో చెల్లవని తేల్చి చెప్పింది, అధ్యక్షుడు జాక్సన్ సైన్యం పేరు చెప్పి బెదిరించాడు. ఇక లింకన్ సంగతి. 1862 ఆగస్టులో ఆయనే ఒక పత్రికా సంపాదకుడికి ఉత్తరం రాశాడు, ఒక్క బానిసనూ విడిపించకుండా దేశాన్ని ఒకటిగా ఉంచగలిగితే అదే చేస్తానని. ఇంకా బానిసత్వం కోసం యుద్ధం అంటే ఎట్లా?

పాతపుస్తకం:
అన్నా, 1832 గొడవ నిజమే, కానీ అది మరుసటి ఏడాదే రాజీతో సద్దుమణిగింది. 1857లో సుంకాలు ఇంకా తగ్గాయి, దక్షిణాది సభ్యులు ఇష్టంగా ఓటేసిన చట్టమే అది. సుంకాలు మళ్ళీ పెంచిన మోరిల్ చట్టం మీద సంతకం పడింది 1861 మార్చి 2న, అప్పటికే దక్షిణాదిలో ఏడు రాష్ట్రాలు దేశం నుంచి విడిపోయి వాళ్ళ సెనేటర్లు సీట్లు ఖాళీ చేసి వెళ్ళిపోయారు. 1860 డిసెంబరులో బయటికి పోయిన సౌత్ కరొలినా మార్చిలో వచ్చిన చట్టం కోసం పోయిందని ఎలా అంటాం?

రాష్ట్రాల హక్కుల దగ్గర కాస్త ఆగుదాం, ఎందుకంటే ఈ వాదన అందరూ అనేస్తారు గానీ ఏ రాష్ట్రం, ఏ హక్కు అని ఎవరూ అడగరు. 1850లో పారిపోయిన బానిసల చట్టం వచ్చింది. ఉత్తరాదికి పారిపోయి వచ్చిన మనిషిని పట్టుకుంటే అతనికి జ్యూరీ లేదు, తన తరఫున తాను సాక్ష్యం చెప్పుకునే వీలు కూడా లేదు. కేసు చూసే కమిషనర్ అతన్ని యజమానికి అప్పగిస్తే 10 డాలర్లు, వదిలేస్తే 5 డాలర్లు ఫీజు! పట్టుకోవడానికి పిలిస్తే మామూలు పౌరులు కూడా రావాలి. 1854లో మిజోరి నుంచి పారిపోయిన జాషువా గ్లోవర్ అనే మనిషిని ఉత్తరాది రాష్ట్రం విస్కాన్సిన్‌లో పట్టుకుని మిల్వాకీ జైల్లో పెడితే జనం తలుపులు బద్దలుకొట్టి విడిపించారు, అతను కెనడా చేరాడు. అలా విడిపించినందుకు నడిచిన కేసులోనే విస్కాన్సిన్ సుప్రీంకోర్టు ఈ కేంద్ర చట్టం చెల్లదని తీర్పిచ్చింది. ఇదీ రాష్ట్రాల హక్కు అంటే. మరి దక్షిణాది నాయకులు విస్కాన్సిన్‌ను సమర్థించారా? లేదు, కేంద్ర చట్టాన్ని బలవంతంగానైనా అమలు చెయ్యాలన్నారు. 1859లో అమెరికా సుప్రీంకోర్టు విస్కాన్సిన్ తీర్పును కొట్టేసింది కూడా.

సౌత్ కరొలినా 1860 డిసెంబరులో కారణాలు రాసి ప్రకటించింది, చదవండి. పారిపోయిన బానిసలను ఉత్తరాది రాష్ట్రాలు అప్పగించడం లేదు, న్యూయార్క్ గుండా బానిసలతో ప్రయాణం కూడా చెయ్యనివ్వడం లేదు, ఇదే వాళ్ళ ప్రధాన ఫిర్యాదు. అంటే ఉత్తరాది రాష్ట్రాలు తమ హక్కు వాడుకోవడమే వాళ్ళకు నేరంగా కనిపించింది. మిసిసిపీ అయితే మా స్థానం పూర్తిగా బానిసత్వంతో ముడిపడి ఉందని మొదట్లోనే రాసుకుంది. డాలస్ గారూ, మీ టెక్సాస్ ప్రకటన కూడా అంతే సూటిగా ఉంటుంది, అదీ చూడండి.

లింకన్ ఉత్తరం గురించి. ఉత్తరాది ఎందుకు యుద్ధం చేసింది అనేది ఒక ప్రశ్న, దక్షిణాది ఎందుకు విడిపోయింది అనేది వేరే ప్రశ్న. ఉత్తరాది మొదట దేశం విడిపోకూడదని పోరాడింది, ఒప్పుకుంటాను. బానిసత్వం ఉన్న రాష్ట్రాలు నాలుగు, డెలవేర్, మేరీలాండ్, కెంటకీ, మిజోరి, యూనియన్‌లోనే, అంటే ఉత్తరాది వైపే, ఉన్నాయి కాబట్టి లింకన్ ఆచితూచి మాట్లాడాడు. దక్షిణాదికి మాత్రం అలాంటి మొహమాటం లేదు.

గోదారోడు:
ఇందులో డబ్బు సంగతి కూడా చూడాలండి. 1860 లెక్కల్లో బానిసలు దాదాపు 40 లక్షల మంది, అమెరికా ఎగుమతుల విలువలో సగానికి పైగా పత్తే. అంత ఆస్తి పోతుందంటే ఎవరు ఊరుకుంటారు? అందుకే కొత్త భూముల్లో బానిసత్వం ఉండాలా వద్దా అని 1820 నుంచి కొట్లాటే. 1854లో కాన్సాస్‌లో జనమే తేల్చుకోండి అని చట్టం చేస్తే రెండు వైపుల నుంచీ తుపాకులతో దిగారు, ఊళ్ళు తగలబడ్డాయి. లింకన్ కూడా 1860లో కొత్త ప్రాంతాలకు బానిసత్వం పాకనివ్వనన్నాడు తప్ప ఉన్నచోట తీసేస్తానని అనలేదు, ఆ మాత్రానికే విడిపోయారు. ఆ యుద్ధంలో అమెరికా పత్తి ఆగిపోతే ఇంగ్లండులోని లాంకషైర్ బట్టల మిల్లులు మన దేశం వైపు చూశాయి, గుంటూరు వైపు పత్తి కాకినాడ రేవులో ఓడలెక్కింది.

ఓరుగల్లుబిడ్డ:
సరే, మొదటి ఏడు రాష్ట్రాలు వదిలేద్దాం. వర్జీనియా సంగతేంది? 1861 ఏప్రిల్ మొదట్లో అక్కడి సభ విడిపోవద్దనే ఓటేసింది. లింకన్ 75,000 మంది సైన్యం కావాలని పిలుపిచ్చాకే వాళ్ళు వెళ్ళిపోయిన్రు. సాటి రాష్ట్రం మీద తుపాకి ఎత్తం అనడం హక్కు కాదా? పైగా దక్షిణాది సైనికుల్లో చాలామంది ఒక్క బానిస కూడా లేని పేద రైతులు. వాళ్ళు బానిసల కోసం చచ్చిన్రా?

పాతపుస్తకం:
వర్జీనియా ప్రశ్న మంచిది. లింకన్ పిలుపే వాళ్ళను అటు తోసింది, కాదనను. కానీ వాళ్ళ విడిపోయే తీర్మానంలో ఏం రాశారో చూడండి, కేంద్రం "బానిసలున్న దక్షిణాది రాష్ట్రాలను" అణచివేస్తోందని. బానిసత్వం లేని ఒక్క రాష్ట్రం కూడా అటు చేరలేదు.

పేద సైనికుడు తన ఊరి కోసం పోరాడానని అనుకుని ఉండొచ్చు, అతని బాధ నిజం. అతన్ని పంపిన ప్రభుత్వం దేని మీద నిలబడిందో మాత్రం దాని రాజ్యాంగంలోనే ఉంది. నల్లవాళ్ళ మీద ఆస్తి హక్కును దెబ్బతీసే చట్టం తమ కాంగ్రెస్ చెయ్యకూడదని రాసుకున్నారు. బానిసలను వెంటబెట్టుకుని ఏ రాష్ట్రానికైనా వెళ్ళొచ్చని కూడా రాసుకున్నారు, అంటే అక్కడ రాష్ట్రానికి కాదనే హక్కు లేదు. చివరికి 1865లో సైనికులు చాలక ఓడిపోతున్న రోజుల్లో బానిసలకు తుపాకులిద్దామా అనే చర్చ వస్తే, జార్జియా నాయకుడు హోవెల్ కాబ్, బానిసలు మంచి సైనికులు కాగలిగితే మన సిద్ధాంతమంతా తప్పని ఒప్పుకున్నట్టే అని అడ్డుపడ్డాడు. మార్చిలో ఎలాగో చట్టం చేశారు, ఏప్రిల్‌లో దక్షిణాది సేనాధిపతి లీ లొంగిపోయాడు. అప్పటికి ఉత్తరాది సైన్యంలో సుమారు 1,80,000 మంది నల్లవాళ్ళు చేరి పోరాడారు, వాళ్ళలో చాలామంది బానిసత్వం నుంచి బయటపడి వచ్చినవాళ్ళే. ఈ యుద్ధం దేనికోసమో వాళ్ళను అడిగితే సుంకాల పేరు చెప్పేవాళ్ళా?