సముద్రం లేని కడప నుంచి తాబేళ్ల కాపలాకు పోవడం అవసరమా?

సిద్ధవటం_కుర్రోడు:
కడపలో డిగ్రీ రెండో సంవత్సరం, జువాలజీ. నెల్లూరు తీరంలో ఆలివ్ రిడ్లే తాబేళ్ల గుడ్లను కాపాడే ఒక సంస్థ ఫిబ్రవరి, మార్చి నెలలకు వాలంటీర్లను తీసుకుంటోంది. రాత్రిపూట ఇసుకలో నడిచి, తల్లి తాబేలు పెట్టిపోయిన గుడ్లను వెతికి, కంచె వేసిన హేచరీలో పూడ్చాలట. తిండికీ పడకకూ డబ్బు మనమే కట్టుకోవాలి. ఇంట్లో "పని చేసి ఎదురు డబ్బులు ఇస్తావా?" అని నవ్వుతున్నారు. నిజంగా ఉపయోగముందా? పోయినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

గుత్తి_కోట:
పో తమ్ముడూ. సర్టిఫికెట్ ఇస్తారు, రెజ్యూమేలో పనికొస్తుంది.

రాళ్లసీమ_రామన్న:
నాది ఒకే ప్రశ్న. గుడ్డును కదిలించడమెందుకు? ఎక్కడ పెట్టాలో తల్లికి తెలియదా? మనిషి పుట్టకముందు నుంచీ పెడుతున్న జీవికి కడప కుర్రోడు పోయి చోటు చూపించాలా?

జువాలజీ_మేడం:
రామన్న గారూ, తల్లికి తెలుసు. కుక్కలకూ తెలుసు. ఆమె నూటికి పైగా గుడ్లు పెట్టి, ఇసుక కప్పి సముద్రంలోకి వెళ్లిపోతుంది, మళ్లీ తిరిగి చూడదు. ఊరకుక్కలు, నక్కలు, అడవి పందులు తెల్లారేసరికి గుంట తోడేస్తాయి. ఆ భయం లేనిచోట, అలలకు కొట్టుకుపోదు అనుకున్నచోట గుడ్లను కదపకుండా వదిలేయడమే మేలు. లేకపోతేనే హేచరీ. పెట్టిన కొద్ది గంటల్లోనే, తలకిందులు చేయకుండా, కుదుపు లేకుండా తీసుకెళ్లాలి. ఆలస్యమైతే లోపలి పిండం పెంకుకు అతుక్కుంటుంది, అప్పుడు తిప్పితే చచ్చిపోతుంది. హేచరీలో కూడా తల్లి తవ్వినట్టే కూజా ఆకారంలో గుంట తవ్వాలి. నీడ, వేడి చూసుకోవాలి. ఇసుక వేడి 29, 30 డిగ్రీల కంటే పెరిగేకొద్దీ ఆడపిల్లలు ఎక్కువ, తగ్గేకొద్దీ మగవి ఎక్కువ. పిల్లలు బయటికి రావడానికి 45 నుంచి 60 రోజులు పడుతుంది.

బాబూ, నువ్వు ముందు అడగాల్సింది ఇంకొకటుంది. ఈ తాబేలు 1972 వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉంది. అటవీ శాఖ అనుమతి లేనివాళ్లు గుడ్డు ముట్టుకోవడమే నేరం. ఆ సంస్థకు అనుమతి ఉందో లేదో కనుక్కో.

రాళ్లసీమ_రామన్న:
కుదుపు లేకుండా అని మీరే అంటున్నారు. చలిజ్వరం వచ్చినోడిలా ఊగే బకెట్లో, చీకట్లో, మొదటిసారి ఇసుక తొక్కిన పిల్లోడు మోసుకుపోతే కుదుపు ఉండదా? జవాబు చెప్పండి.

ఉగ్గాని_బజ్జీ:
మన వైపు నక్షత్ర తాబేళ్లను సంచుల్లో మూటగట్టి చెన్నై, బెంగళూరు విమానాశ్రయాలకు తోలుతుంటారు. వాటికి వాలంటీర్లు ఉండరు ఎందుకో. బీచ్ లేదు కదా.

జువాలజీ_మేడం:
గుడ్లు మోసేది శిక్షణ ఉన్న స్థానిక కాపలాదారు. కొత్తవాళ్లు పక్కన నడుస్తారు, కొలతలు రాస్తారు.

తీరంపిల్ల_కర్నూలు:
మేడం, అది పుస్తకంలో. నేను పుట్టింది నెల్లూరు తీరంలో మైపాడు దగ్గర పల్లెలో, ఉద్యోగం కర్నూల్లో. మా చిన్నాన్న ఒకప్పుడు గుడ్లు ఏరి తెచ్చినవాడే, తర్వాత సీజన్‌కి కాపలా కూలీ అయ్యాడు. అడుగుల జాడ చూసి గుంట ఎక్కడుందో చెప్పేస్తాడు. వాలంటీర్లు ఆయన వెనకాల నడిచి ఫొటోలు దిగుతారు. ఒకసారి నేను ఊళ్లో ఉన్నప్పుడు రాత్రి గుంటలోంచి బయటికొచ్చిన పిల్లల్ని టబ్బులో పెట్టి పొద్దెక్కేదాకా ఆపారు. పెద్దమనిషి ఎవరో వచ్చి తన చేత్తో వదలాలంట. చిన్నాన్న వద్దన్నాడు. "నీ పని నువ్వు చూసుకో" అన్నారు. ఏ సంస్థో చెప్పను.

జువాలజీ_మేడం:
అది ముమ్మాటికీ తప్పు. గుంటలోంచి వచ్చిన మొదటి గంటల్లో పిల్లలకు ఉండే ఊపు తీరం దాటి లోతుకు ఈదడానికి. ఆ శక్తి టబ్బులో ఖర్చయిపోతుంది. పైగా పగలు వదిలితే కాకులకూ గద్దలకూ విందు. ఫ్లాష్ కొట్టడం కూడా కూడదు, వెలుగు ఎటుంటే అటే పోతాయవి. కానీ ఒక చెడ్డ సంస్థను చూసి...

రాళ్లసీమ_రామన్న:
చూశారా. కుదుపు సంగతి పక్కన పెట్టండి, టబ్బే పెట్టారు.

గుత్తి_కోట:
ఇంతకీ చచ్చే తాబేళ్లలో ఎక్కువ వలల్లోనే కదా? 2025 జనవరిలో చెన్నై తీరానికి వందల్లో కొట్టుకొచ్చాయి. గుడ్ల దగ్గర ఇంత గొడవ ఎందుకు?

జువాలజీ_మేడం:
నిజమే. మర పడవలు లాగే ట్రాల్ వలలో చిక్కితే గాలి అందక చస్తాయి. వల మధ్యలో ఇనుప చట్రం పెడితే రొయ్య లోపలికి పోతుంది, తాబేలు పై కంతలోంచి బయటపడుతుంది. అది పెట్టడం లేదనే అమెరికా కొన్నేళ్ల కిందట మన సముద్రంలో పట్టిన రొయ్యలను కొనడం ఆపింది. జాలర్లు ఒప్పుకోవాలి కదా.

తీరంపిల్ల_కర్నూలు:
జాలర్లు అని అందరినీ ఒక గాటన కట్టకండి మేడం. మాది చిన్న ఫైబర్ పడవ. పెద్ద మర పడవలు 8 కిలోమీటర్ల లోపలికి రాకూడదని రాష్ట్ర నియమం, వచ్చి మా వలలే చింపుకుపోతాయి. తాబేలు చస్తే అందరూ మా పల్లె వైపే చూస్తారు. వేట నిషేధంలో పస్తులుండేదీ మేమే.

జువాలజీ_మేడం:
నేను మీ పల్లెను అనలేదు. రామన్న గారు మొదటి నుంచీ ఒకే గుడ్డు పట్టుకుని కూర్చున్నారు కాబట్టి చర్చ ఎటో పోతోంది. సార్, మీ కోపం తాబేలు మీద కాదు. ఎవరి మీదో చెప్పేస్తే మాకూ సులువు.

రాళ్లసీమ_రామన్న:
చెప్తా. మా నాయన గొర్రెలు కాసేవాడు. మా ఊరి అడవిని పిట్ట కోసమని మూసేశారు. ఏ అడవో రాయను, మళ్లీ గొడవ. ఒకరోజు మందను పట్టుకుపోయి, కట్టలేనంత జరిమానా వేశారు. ఆయన గొర్రెలన్నీ అమ్మేసి బెంగళూరులో వాచ్‌మన్ అయ్యాడు. ఆ తర్వాత పట్నం నుంచి టోపీలు పెట్టుకుని పిల్లలు వచ్చారు, "వాలంటీర్లు" అంట. దారి చూపమని మా నాయన్నే అడిగారు. అడవిలో ఏ పొద ఎక్కడుందో తెలిసినోడికి జరిమానా, తెలియనోడికి సర్టిఫికెట్. ఈ పిల్లోడి మీద నాకేం కోపం లేదు.

జువాలజీ_మేడం:
ఈ మాట మొదటే అనాల్సింది. అంతరించిపోయిందనుకున్న కలివి కోడి అనే పిట్ట సంగతే తీసుకోండి. మన కడప జిల్లా లంకమల కొండల వైపు ముళ్ల పొదల్లో 1986లో అది మళ్లీ దొరికినప్పుడు బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ శాస్త్రవేత్త భరత్ భూషణ్ పేరు వినపడింది. రాత్రి పట్టుకున్నది ఐతన్న అనే స్థానికుడు. ఆ పిట్టకు పొదలు మరీ చిక్కబడినా పనికిరాదు, మరీ పలచబడినా పనికిరాదు. ఒక మోస్తరు మేత ఉంటేనే దానికి కావలసిన ఖాళీ నేల మిగులుతుంది. కాబట్టి మీ నాయన గొర్రెలు దానికి శత్రువులని ఎవరూ తేల్చి చెప్పలేరు.

అయినా నేను ఒక మాట వెనక్కి తీసుకోను. సంస్థ అనేది లేకపోతే ఎన్ని గూళ్లు, ఎన్ని పిల్లలు అన్న లెక్క ఎవరు ఉంచుతారు?

తీరంపిల్ల_కర్నూలు:
లెక్క చిన్నాన్న కూడా రాస్తాడు మేడం, ఏడో తరగతి చదివాడు. పుస్తకం ఇచ్చేవాళ్లు లేరు. మీరు అడిగేది లెక్క ఎవరు రాయాలని, రామన్నన్న అడిగేది ఎవరు నిర్ణయించాలని. రెండూ వేరు.

తమ్ముడూ, ఆ క్యాంపుకు కట్టే డబ్బుతో పల్లెలో ఎవరింట్లోనైనా ఉండు. రాత్రి చిన్నాన్నతో నడువు. అటవీ శాఖ అనుమతి ఉన్న గుంపుతోనే పోవాలి, అది మాత్రం మేడం చెప్పినట్టు తప్పదు.

సిద్ధవటం_కుర్రోడు:
అక్కా, అలా కుదిరితే అదే చేస్తాను. నంబర్ ఇక్కడ రాయొద్దు, మెసేజ్ పెట్టండి. ఇంట్లో అమ్మకు కూడా ఊళ్లో ఒకరింట్లో అంటే టెన్షన్ తగ్గుతుంది.

జువాలజీ_మేడం:
టార్చికి ఎర్ర కాగితం చుట్టుకో. నోట్‌బుక్ తీసుకెళ్లు, రెండు.

రాళ్లసీమ_రామన్న:
పో అబ్బీ, పోవద్దని నేను అనలేదు. ఆ కాపలావాళ్లకు రాత్రికి ఎంత కూలీ ఇస్తున్నారో, ఆ సంస్థ నీలాంటోళ్ల దగ్గర ఎంత తీసుకుంటోందో, రెండూ కనుక్కొని ఇక్కడ రాయి. మేడం లెక్క అడిగారు కదా, ఆ లెక్క కూడా రానీ.