ఇంగ్లీషు కవి పోప్ ద్విపదలో "ఒబే"కి "టీ" ఎలా కుదిరింది?

నల్లేరు: పోప్ కావ్యం 'రేప్ ఆఫ్ ద లాక్'లో ఇంగ్లండ్ రాణి ఆన్ మీద ద్విపద ఉంది కదా, ఒక పాదం "ఒబే" అనీ, రెండోది "కౌన్సిల్ టేక్, అండ్ సమ్‌టైమ్స్ టీ" అనీ ముగుస్తుంది. ప్రాస తప్పిందా, లేక చూపుకే కలిసి చెవికి కలవని కంటిప్రాసా?

యతిభంగం: కంటిప్రాసకి స్పెల్లింగైనా కలవాలిగా! ఆ "టీ"ని అక్కడ పలకాల్సింది "టే" అని అండీ. డచ్చివాళ్ళ మాటకి దగ్గర. ఐర్లండ్ యాసలో ఇంకా వినబడుతుంది.

శర్మ: మొదటి సర్గలో "అవే" (away)కి కూడా "టీ"నే కట్టాడు, కాబట్టి పొరపాటు కాదు. కానీ "టీ" అనేవాళ్ళు అప్పటికే ఉన్నారు. కవి తనకి పనికొచ్చింది ఏరుకున్నాడు.

యతిభంగం: ఏరుకోవడం కాదు మాస్టారూ, "ea" స్పెల్లింగున్న ఆ మాటల వర్గమంతా "ఏ" వైపు నుంచి వచ్చిందే. మాంసం "మీట్", కలుసుకునే "మీట్" ఒకప్పుడు వేరు. మాంసం మాటలో అచ్చుకి నాలుక పైకి జరిగి రెండూ కలిశాయి. గ్రేట్, బ్రేక్, స్టేక్ జరగకుండా మిగిలాయి. షేక్‌స్పియర్ నాటకంలో ఫాల్‌స్టాఫ్ "రీజన్లు" బ్లాక్‌బెర్రీలంత విరివిగా ఉన్నా చెప్పనంటాడు. దాన్ని "రేజన్" అని చదివితేనే ఎండుద్రాక్ష శ్లేష తగులుతుంది.

మాధవి: పోప్‌వి అలాంటివి ఎన్నో! 1711 'ఎస్సే ఆన్ క్రిటిసిజమ్'లో "జాయిన్"కి "లైన్" ప్రాస. "జైన్" అని చదవాలి. "బాయిల్" (మరగడం), "బైల్" (పిత్తం) కూడా అప్పట్లో చాలామంది నోట ఒకటే. తరవాత స్పెల్లింగ్ చూసి విడదీశారు.

శర్మ: అందుకే హోమోఫోన్ల (ఒకేలా వినబడే వేర్వేరు మాటల) జాబితా చూపిస్తే ఏ ఊరిదని అడగాలి. లండన్లో "సాస్", "సోర్స్" ఒకటే. మనం రేఫ పలుకుతాం కాబట్టి కలవవు. దిక్కు "వెస్ట్", బనియను "వెస్ట్" మాత్రం మనకి ఒకటే. మొదటిదానికి పళ్ళు తగలకుండా పెదవులు రెండూ గుండ్రంగా చుట్టాలి. రెండోదానికి పై పళ్ళు కింది పెదవికి ఆనించి గాలి రాపిడి వినబడనివ్వాలి. మన "వ" ఈ రెంటికీ మధ్యన తేలుతుంది. స్కాట్లండ్‌లో చాలామంది "ఏది" అనే "విచ్"ని ముందు "హ"కారంతో పలుకుతారు, మంత్రగత్తెతో కలవదు.

నల్లేరు: ఇంతకీ రాణిగారు తాగింది టేనా, టీయా?

యతిభంగం: ఆవిడ ఏమన్నా, పాదం చివర మాత్రం టే. ఇప్పటి లండన్ "ఎయ్" కాదు, మన "ఏ"లా నిలకడగా.

మాధవి: అయితే "టేక్", "టే" ఒకే పాదంలో మోగుతాయి! ఈ సొగసు ఎవరూ చెప్పరేం?

శర్మ: తొందరపడకండి. "టేక్"లోని అచ్చు, "ఒబే"లోని అచ్చు అందరి నోటా కలిశాయని ఎవరన్నారు? ఇంగ్లండ్‌లోని నార్‌ఫక్ పాతతరంలో కిటికీ అద్దం "పేన్" వేరు, నొప్పి "పెయిన్" వేరు.