గుడ్ల మీద ఉన్న ఆడ ఫించ్‌ను మగది పొడుస్తోంది: విడదీయాలా, వదిలేయాలా?

దేవరకొండ:
నా దగ్గర తెల్ల జీబ్రా ఫించ్‌ల (కేజ్‌లో పెంచుకునే చిన్న పిట్టలు) జంట ఉంది. షాపులో జంట అని చెప్పి ఇచ్చారు. ఆడది నాలుగు గుడ్లు పెట్టి పొదుగుతోంది. రెండు మూడు రోజులుగా మగది దాన్ని వెంటపడి పొడుస్తోంది, మెడ వెనక ఈకలు పోయాయి. షాపాయన వెంటనే విడదీయమన్నాడు. మా పక్కింటి పెద్దాయనేమో ముట్టుకోవద్దు, అవే సర్దుకుంటాయి అంటున్నారు. ఎవరి మాట వినాలి?

వనపర్తి:
పెద్దాయన మాటే వినండి అన్నా. జీబ్రా ఫించ్‌లలో మగా ఆడా వంతులవారీగా పొదుగుతాయి. మగదాన్ని తీసేస్తే ఆడది తిండికి లేచినప్పుడల్లా గుడ్లు చల్లబడతాయి. పొదగడం పన్నెండు, పద్నాలుగు రోజుల పని. అంతవరకు ఓపిక పట్టాలి. బ్రీడింగ్‌లో తరుముకోవడం మామూలే. మనం చేయి పెట్టిన ప్రతిసారీ నష్టం గుడ్లకే.

మహబూబ్‌నగర్:
ముందు అది జంటేనా చూసుకో తమ్మీ. మామూలు రంగు జీబ్రాల్లో మగదానికి నారింజ రంగు చెంపలు కనిపిస్తాయి. తెల్లవాటిలో ఆ గుర్తు ఉండదు, ముక్కు చూడాలి. మగదానికి ముదురు ఎరుపు, ఆడదానికి లేత నారింజ. పాట పాడేది మగదే. రెండూ ఆడవే అయితే ఒకే గూట్లో గుడ్లు పెట్టి కొట్టుకుంటాయి.

దేవరకొండ:
పాడుతుంది సార్, ముక్కు కూడా బాగా ఎర్రగా ఉంది. మగదే.

మిర్యాలగూడ:
వనపర్తి తమ్ముడు చెప్పినదాంట్లో సగంతో నాకు పేచీ లేదు. తరుముకోవడం మామూలే. కానీ ఈక ఎక్కడ పోయిందో చూడకుండా అన్నిటికీ "మామూలే" అనడం ఆడపిట్ట ప్రాణంతో ఆడుకోవడమే. గూడు కట్టుకోవడానికి పీచు దొరక్కపోతే ఇవి ఒకదాని ఈకలు ఒకటి పీకుతాయి. అది సామాను లేని లోటు, కొబ్బరి పీచు పెడితే తగ్గుతుంది. మెడ వెనక, తల మీద బోడి అయ్యి చర్మం కనిపిస్తుంటే మాత్రం ఈకల కోసం కాదు, దాడి. బయట అయితే ఓడిన పిట్ట ఎగిరిపోతుంది. కేజ్‌లో ఎక్కడికి పోతుంది?

ఇంకో సంగతి. గుడ్లు పెట్టాక కూడా పీచు ఇస్తూనే ఉంటే మగది గుడ్ల మీదే మళ్ళీ గూడు కడుతుంది, ఆడదాన్ని మళ్ళీ గుడ్లు పెట్టమని తరుముతుంది. కాబట్టి గుడ్లు వచ్చాక పీచు తీసేయాలి. పిల్లలు ఎగరడం మొదలైనప్పుడూ ఇదే గొడవ. కొత్త గుడ్ల ఆత్రంలో మగది పిల్లల్ని కూడా పొడుస్తుంది. అవి సొంతంగా తింటున్నాయనుకున్నాక, దాదాపు ఐదు వారాలకు, వేరే కేజ్‌లోకి మార్చాలి.

అసలు వీటిని మనమే జంట అని కలిపేస్తున్నాం. 2015లో ప్లాస్ బయాలజీ పత్రికలో జీబ్రా ఫించ్‌ల మీదే ఒక అధ్యయనం వచ్చింది. తమకు నచ్చిన జతను ఎంచుకున్న పిట్టలకు, బలవంతంగా జత కట్టించిన వాటికన్నా పిల్లల పెంపకంలో 37 శాతం ఎక్కువ ఫలితం వచ్చింది. మనం జత కలిపినంత మాత్రాన అవి కలిసి బతకాలని లేదు.

వనపర్తి:
అక్కా, ఆ ఎంపిక మనకెక్కడిది? షాపులో ఏది ఇస్తే అది. గుడ్లలో ఉన్నవీ ప్రాణాలే కదా, వాటి సంగతేంటి?

మిర్యాలగూడ:
నాలుగైదు పిట్టల్ని పెద్ద కేజ్‌లో వదిలి, ఏవి పక్కపక్కన కూర్చుని ఒకదాని తల ఒకటి గీరుకుంటాయో చూసి విడదీసుకోవచ్చు. గుడ్ల మాట అంటే, ముందు బతికున్న తల్లి. దేవరకొండ అన్నా, మెడ దగ్గర రక్తం గానీ పక్కు గానీ ఉందా? కేజ్ ఎంత పొడవు?

దేవరకొండ:
చిన్న పక్కు ఉందక్కా. కేజ్ ఒకటిన్నర అడుగు ఉంటుంది. గింజల డబ్బా ఒక్కటే, గూటి పక్కనే.

మిర్యాలగూడ:
పక్కు ఉంటే ఇవాళే విడదీయండి. మగదాన్నే బయటకు తీయండి, ఆడదాన్ని గూటితో సహా అక్కడే ఉంచండి. మగదాన్ని ఇంకో జంట ఉన్న కేజ్‌లో మాత్రం వేయొద్దు, అక్కడ ఇంకో యుద్ధం. ఆడదానికి గింజలు, నీళ్ళు గూటికి దగ్గరగా పెట్టండి. కొర్రలతో పాటు ఉడికించిన గుడ్డు కొంచెం చిదిమి పెట్టండి, కాల్షియం కోసం కటిల్ బోన్ (కటిల్ ఫిష్ అనే సముద్ర జీవి లోపలి గుల్ల) వేలాడదీయండి. ఒంటరిగా పొదిగితే మంచిదే. గుడ్లు వదిలేస్తే తీసేయండి, బాధపడొద్దు. ఆ తర్వాత గూడు కూడా తీసేసి ఒంటికి విశ్రాంతి ఇవ్వండి. ఎండాకాలం దాటేదాకా మళ్ళీ గూడు పెట్టొద్దు. మన నల్లగొండ ఎండల్లో పొదిగే పిట్ట అలసిపోతుంది.

మహబూబ్‌నగర్:
కేజ్ కూడా మార్చు తమ్మీ. కనీసం రెండున్నర, మూడు అడుగుల పొడవు ఉండాలి, ఈ చివర ఒకటి, ఆ చివర ఒకటి రెండు డబ్బాలు. తిండి దగ్గర ఒకటి కాపలా కూర్చుంటే రెండోది ఎండిపోతుంది.

వనపర్తి:
రక్తం ఉంటే నేనూ ఆపమనను. కానీ కొద్దిగా తరిమిన ప్రతి జంటనూ విడదీస్తే ఏ జంటకూ కుదురుకునే టైమ్ ఉండదు. మిర్యాలగూడ అక్క చెప్పినట్టు ఈక ఎక్కడ పోయిందో చూసి, ముందు పీచు, డబ్బాలు, చోటు సరిచేసి, అప్పటికీ తగ్గకపోతేనే విడదీయాలని నా మాట.

మిర్యాలగూడ:
చోటు సరిచేసే లోపు మెడ మీద పక్కు పుండయితే? తమ్ముడూ, ముందు విడదీసి తర్వాత చోటు సరిచేయడమే నేను చెప్పేది. ఆ క్రమంలో మాత్రం నేను ఒప్పుకోను.

దేవరకొండ:
మగదాన్ని వేరే కేజ్‌లోకి మార్చాను. పీచు తీసేశాను. ఎన్ని రోజులకు మళ్ళీ కలపొచ్చు?

మిర్యాలగూడ:
ఈకలు పూర్తిగా వచ్చేదాకా వద్దు. తర్వాత పెద్ద కేజ్‌లో, గూడు లేకుండా, మధ్యలో తీగల జాలి పెట్టి చూడండి. జాలికి అవతల నుంచి కూడా దాని మీదికి దూకుతుంటే, ఈ రెండింటినీ ఇక కలపొద్దు.