అప్‌డేట్: గ్రానైట్ స్లాబులు సుంకి ఘాట్ ఎక్కాయి

టెక్కలి నుంచి సుంకి కొండదారి మీదుగా ఒడిశాలోని కోరాపుట్‌కి పాలిష్ స్లాబులు ప్లాట్‌ఫాం లారీ మీద పగలకుండా ఎలా తేవాలని అడిగాను కదా, అన్నీ క్షేమం. స్లాబుల్ని పడుకోబెట్టొద్దన్నదే అసలు మాట. 20 మి.మీ. స్లాబు చదరపు మీటరుకు దాదాపు 54 కేజీలు. గతుకు పడితే నడుముకి విరుగుతుంది. ఏ-ఫ్రేముకి (ఇంగ్లిష్ A ఆకారంలో ఉండే స్టాండు) రెండు వైపులా సమానంగా, పాలిష్ ముఖాలు ఎదురెదురుగా, అడుగున చెక్క, రబ్బరు వేసి నిలబెట్టాం. ఫ్రేమును విడిగా చెయిన్లతో ఛాసిస్‌కి బిగించాలి. చాలామంది స్లాబుల్ని ఫ్రేముకి కట్టి, ఫ్రేమును గాలికొదిలేస్తారు. సడన్ బ్రేకు వేస్తే సరుకు బరువులో 0.8 వంతు ముందుకు తోపు వస్తుంది, దాన్ని కట్టు ఆపాలి, అంటే రెండు టన్నులకు 1,600 కేజీలు. రాయి అంచు కట్టిన బెల్టును కోసేస్తుంది, మూలమూలకీ రబ్బరు ముక్క తప్పనిసరి. ఘాట్ ముందు సాలూరులో రాచెట్లు (బెల్టును బిగించే పళ్ల చక్రాలు) మళ్లీ బిగిస్తే రెండేసి పళ్లు తిరిగాయి. దించేటప్పుడు ఒక్కవైపే ఖాళీ చేయకండి, ఫ్రేము తిరగబడుతుంది.